పటం కింద పల్లెలు

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి బొమ్మలతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా ఆవిడ అడగనే అడిగింది. కిందటి చలికాలంలో ఒక రాత్రి పదకొండు గంటల వేళ నేను లాప్‌టాప్ ముందు కూర్చుని పులికాటు సరస్సును అంగుళం ఎడమకు జరుపుతూ వుంటే, పాలగ్లాసు బల్లమీద పెట్టి, "ఈ వయస్సులో మీకు సముద్రాలు జరిపే వుద్యోగం ఎవరిచ్చారండీ?" అన్నది.

ఇచ్చింది మా కాలేజీ. వార్షిక సంచికకు నేను సంపాదకుణ్ణి. తెలుగు ఎమ్మే కాబట్టి ప్రూఫులు దిద్దితే చాలు ననుకున్నాను. కాని సంచిక నడిమి రెండు పేజీలలో మన ప్రాంతపు పటం ఒకటి వుండాలనీ, అదే పటాన్ని పెద్ద ఫ్లెక్సీగా అచ్చు వేయించి వార్షికోత్సవం నాడు గేటు పక్కన కట్టాలనీ ప్రిన్సిపాలు గారు సెలవిచ్చారు. డ్రాయింగు మాస్టారు లేని కాలేజీలో ఇటువంటి పనులు తెలుగు శాఖకే వస్తాయి. ఎందుకో నాకు ఇంతవరకు బోధపడలేదు.

సూళ్లూరుపేట పటం వెయ్యడం చిన్న పని కాదు సుమండీ. దక్షిణాన తడ, ఉత్తరాన దొరవారిసత్రం, దాని దగ్గర గూడబాతులు గూళ్లు కట్టే నేలపట్టు. వూరి పక్కగా కాళంగి నది, దాని వొడ్డున చెంగాళమ్మ గుడి. తూర్పున చిలికా తర్వాత దేశంలో అంత పెద్దదైన వుప్పునీటి సరస్సు, అందులో వేనాడు, ఇరకం వంటి దీవులు. ఆ సరస్సును చీల్చుకుంటూ పద్దెనిమిది ఇరవై కిలోమీటర్లు పోతే శ్రీహరికోట. దానికి అవతల బంగాళాఖాతం. మద్రాసు రైలు మార్గమూ, జాతీయ రహదారీ వుండనే వున్నాయి. 2022లో వూరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. కనుక జిల్లా గీత కూడా కొత్తగా గీయవలసిందే. (మా వీధిలో పెద్దవాళ్లు మాత్రం ఇప్పటికీ "మాది నెల్లూరు" అనే అంటారు. ఆ సంగతి పటం మీద చూపడానికి వీలు లేదు.)

ఇంత సరంజామా మొదటినుంచీ గీయడం ఎందుకని, అంతకు ముందు యేడు ఒక డీటీపీ దుకాణంలో వేయించిన పటం ఫైలు తెచ్చి తెరిచాను. చూడ్డానికి ముచ్చటగానే వుంది. అయితే నేలపట్టు దగ్గర గూడబాతును కాస్త పైకి జరుపుదామని పట్టుకు లాగాను. మొండెం పైకి పోయింది. ముక్కు అక్కడే వుంది. ముక్కు పట్టుకు లాగితే సంచీ రాలేదు. కాళ్ల కోసం వెతికితే అవి సరస్సు కింద ఎక్కడో వున్నవి. మరునాడు కాలేజీకి వెళ్లేసరికి నా పటంలో గూడబాతు శరీరం దొరవారిసత్రంలోనూ, ముక్కు తడలోనూ వుండిపోయాయి.

మా డిగ్రీ రెండో సంవత్సరం కుర్రవాడొకడు సాయంత్రాలు ఫ్లెక్సీ దుకాణంలో పని చేస్తాడు. ఛందస్సులో గణ విభజన అడిగితే తల వంచుకుంటాడు గాని, ఈ విద్యలో నాకు వాడే గురువు. ఫైలు చూసి, "సార్, ఇందులో వెయ్యి ముక్కల పైన వున్నాయి. అన్నీ ఒకే కుప్ప. ఒక్కదానికీ పేరు లేదు. అన్నిటికీ పాత్ అని రాసి పక్కన ఏదో అంకె వుంది. వేసినవాడికే మళ్లీ తెలియదు," అన్నాడు. అని, ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేరులో కొత్త కాగితం తెరిచాడు. దానికి డబ్బు కట్టనక్కర లేదట. 2003 నుంచీ ఎవరో వొకరు ఇష్టపడి రాస్తూ, దిద్దుతూ, అందరికీ పంచిపెడుతున్నారట.

ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ఫోన్‌లో తీసే ఫోటో చుక్కల ముగ్గువంటిది. దగ్గరికి లాగిన కొద్దీ చుక్కలు బయటపడతాయి. ఈ రకం బొమ్మలో చుక్కలుండవు. ఈ గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఎంత వంగింది, ఎక్కడ ఆగింది, లోపల ఏ రంగు అనే లెక్క మాత్రమే వుంటుంది. కనుక అరచేతి పటాన్ని గేటంత చేసినా అంచు చెదరదు. 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి తెరమీద కాంతి కలంతో గీసే స్కెచ్‌ప్యాడ్ అనేదాన్ని తయారుచేసినప్పుడే ఈ పద్ధతికి పునాది పడింది. నలుగురికీ అందే సరుకుగా ఇల్లస్ట్రేటర్ 1987లోనూ, మన ఫ్లెక్సీ దుకాణాలవాళ్లు అన్నం పెట్టే తల్లిగా చూసుకునే కోరల్‌డ్రా 1989లోనూ వచ్చాయి.

సరే. లెక్కతో గీసిన ముక్కలు వెయ్యి వుంటే ఏది పైన, ఏది కింద అన్న ప్రశ్న వస్తుంది. యంత్రానికి వొకటే సూత్రం: ముందు గీసింది కింద, తరవాత గీసింది పైన. మన శ్రీకాళహస్తి కలంకారీ వారికీ ఈ క్రమం తెలుసు. ముందు నల్లగీత, తరవాత ఎరుపు, చివర నీలి. కాని అక్కడ బట్టమీద ఒకసారి పడ్డ కసిమి నలుపు మళ్లీ లేవదు. ఇక్కడ లేపవచ్చు, దించవచ్చు. అందుకోసం వచ్చినవే పొరలు. కావలసినన్ని గాజుపలకలు ఒకదానిమీద వొకటి పేర్చి, ఒక్కో పలకమీద ఒక్కో జాతి వస్తువు గీసినట్టు అనుకోండి. అన్నిటికన్న కింద నీళ్లు, దానిమీద నేల, తరవాత రోడ్లూ రైలూ, ఆపైన బొమ్మలు, అన్నిటికన్న పైన పేర్లు. ప్రతి పొరకూ తెర పక్కన ఒక పేరు, ఒక కన్ను, ఒక తాళం వుంటాయి. కన్ను మూస్తే ఆ పొర కనబడదు. తాళం వేస్తే కనబడుతుంది గాని చెయ్యి తగలదు.

గుంపు వేరు. గూడబాతు మొండెం, ముక్కు, సంచీ, కాళ్లు అన్నిటినీ పట్టుకుని కంట్రోల్ నొక్కి జి కొడితే ఒక మూట అవుతుంది. తరవాత ఎక్కడ పట్టుకు లాగినా పక్షి పక్షిగానే కదులుతుంది. అదే షిఫ్టు కూడా కలిపి కొడితే మూట విడిపోతుంది. "అంటే సమాసమూ విగ్రహవాక్యమూ అన్నమాట," అన్నాను. కుర్రవాడు మర్యాదకు నవ్వాడు.

మరి పొరకూ గుంపుకూ తేడా ఏమిటి? నేను రెండు రోజులు తికమకపడ్డాను. మా ఆవిడ తేల్చింది. బీరువా తెరిచి, "ఇదుగో, పట్టుచీరలు ఒక అర, నేతచీరలు ఒక అర, మీ పంచెలు ఒక అర. అది మీ పొర. ఈ చీర మడతలో దీని రవిక దీనిలోనే పెట్టాను. పెళ్లికి ఈ చీర తీస్తే రవిక దానితోటే రావాలి. అది మీ గుంపు," అన్నది. నలభై పేజీల గైడు చదివి నేను గ్రహించలేనిది ఇంతే. పొర జాతిని బట్టి, గుంపు చుట్టరికాన్ని బట్టి. వూరి చుక్కా, దాని పక్కన రాసిన పేరూ చుట్టాలు. చుక్కను జరిపితే పేరు వెంట రావాలి. (తమాషా ఏమిటంటే, ఇంక్‌స్కేప్ ఫైలు లోపల విప్పి చూస్తే పొర కూడా ఒక గుంపేనట. "నేను పొరను" అని నెత్తిమీద ఒక చీటీ అంటించి వుంటుందట, అంతే. ఈ సంగతి బీరువా దగ్గర చెప్పలేదు.)

ఈ క్రమంలో పటం చక్కగా తయారవుతూ వుండగా మా కాలేజీ అటెండరు ఒకనాడు టీ తెచ్చి, నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు. రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. నాకన్న పెద్దవాడు.

"అయ్యా, దీవిలో రాకెట్టు ఒకటే వేసినారే," అన్నాడు.

"మరేం వెయ్యమంటారు పెద్దాయనా?"

"మా పల్లెలు ఉన్నింది ఆడనే గదయ్యా."

ఆయన యానాది. శ్రీహరికోట దీవిలో రాకెట్ల కేంద్రం పెట్టాలని 1969లో నిర్ణయమైంది. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి రోహిణి రాకెట్టు లేచింది. కేంద్రానికి సతీశ్ ధవన్ గారి పేరు పెట్టింది 2002లో. ఈ తేదీలు మా పిల్లలు క్విజ్ పోటీలలో గడగడ చెపుతారు. చంద్రయాన్-3 లేచిన 2023 జూలై 14 నాడు మా మేడమీద నిలబడి నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. ఆ కేంద్రం రావడానికి దీవిలోని పల్లెలు ఖాళీ అయ్యాయని కూడా నాకు తెలుసు. తెలిసి కూడా, పటం వేసేటప్పుడు ఆ పల్లెలకు చుక్క పెట్టాలని నాకు తోచలేదు. దీవిని వొక పచ్చటి ముద్దగా నింపి, మీద సరివిచెట్లూ రాకెట్టూ నిలబెట్టాను. ఆయనకు అప్పుడు ఐదారేళ్లట. తల్లి చంకలో మూట, నెత్తిమీద మూట, తాను ఆమె కొంగు పట్టుకుని పడవ ఎక్కడం గుర్తుందన్నాడు.

మర్నాడు తల్లిని అడిగి ఏడు పేర్లు రాయించుకు వచ్చాడు. మనమడు నోటుబుక్కు కాగితంమీద రాశాడు. నేను కొత్త పొర తీసి "పాత పల్లెలు" అని పేరు పెట్టి, నేల పొరకు పైన, రోడ్లకు కింద వుంచాను. ఏడు చుక్కలు, ఏడు పేర్లు, చుక్కకూ పేరుకూ ఏడు ముడులు. ఇది పొరపాటున కదలకూడదని ఆ పొరకు తాళం కూడా వేశాను. ఆ తాళమే కొంప ముంచింది.

ఫ్లెక్సీకి ఇచ్చే రాత్రి ప్రిన్సిపాలు గారు ఫోన్ చేసి కాలేజీ పేరు ఇంకా పెద్దదిగా వుండాలన్నారు. చోటు లేదు. దీవిని కొంచెం కుడికి జరిపితే సరి అనుకున్నాను. నా కొత్త విద్య మీద నాకు నమ్మకం కుదిరింది. దీవి చుట్టూ మౌసుతో పెట్టె గీసి, లోపల పడ్డవన్నీ పట్టుకుని, కంట్రోల్ జి కొట్టి, మూటను కుడికి లాగి పడుకున్నాను.

జరిగిందేమిటో చెపుతాను, మీ ఇళ్లలో ఇటువంటి పని చేసే పిల్లలుంటే పనికి వస్తుంది. వేరు వేరు పొరలలో వున్నవాటిని కలిపి మూట కడితే, ఆ మూట మొత్తం అన్నిటికన్న పైనున్న వస్తువు పొరలోకి ఎక్కి కూర్చుంటుంది. నేను కట్టిన మూటలో దీవి పేరు వుంది. అది పేర్ల పొరలోది. కనుక అట్టడుగున వుండవలసిన పచ్చటి ముద్ద కూడా దానితో పాటు పటం నెత్తిన ఎక్కింది. రాకెట్టూ, చెట్లూ మూటలోనే వున్నవి గనుక ముద్దమీద యథాప్రకారం నిలబడ్డాయి. తాళం వేసిన పొర మాత్రం నా పెట్టెలో చిక్కలేదు. చెయ్యి తగలకూడదని నేనే వేశాను కదా. ఏడు పల్లెలూ వున్నచోటనే వుండిపోయాయి, వాటిమీద దీవి కప్పుకున్నది. రోడ్డు కొస కూడా మూతపడింది గాని, గట్టుదాకా వచ్చి ఆగిన రోడ్డు చూసేవాళ్లకు వింతగా వుండదు. నాకూ అనిపించలేదు. ఏదీ లోపించినట్టు లేదు. పైపెచ్చు దీవి మునుపటికన్న శుభ్రంగా వుంది.

వార్షికోత్సవం నాడు అటెండరు తల్లిని ఆటోలో తీసుకు వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, చదువు రాదు. మనమడు ఎనిమిదో తరగతి. నేను అతిథుల హడావిడిలో వుండి దూరంనుంచి చూస్తున్నాను. కుర్రవాడు ఫ్లెక్సీ ముందు నిలబడి వేలు పెట్టి ఒక్కొక్క పేరే పైకి చదువుతున్నాడు. దొరవారిసత్రం అన్నాడు, నేలపట్టు అన్నాడు, తడ, వేనాడు, ఇరకం అన్నాడు, శ్రీహరికోట అన్నాడు. అని ఆగాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. ముసలావిడ కాసేపు అక్కడే నిలబడి, తరవాత వెళ్లి చెట్టుకింద కూర్చున్నది.

అటెండరు నా దగ్గరికి వచ్చి, కోపమేమీ లేకుండా, కొంచెం నవ్వుతూనే అన్నాడు:

"మళ్లీ ఖాళీ చేయించేసినారా అయ్యా?"

జవాబు చెప్పడానికి నాకు మాట రాలేదు. పాతికేళ్లుగా మాటలమీద బతుకుతున్నవాణ్ణి.

సంచిక ఫైలు అప్పటికే ప్రెస్సుకు పోయింది. ఫోన్ చేస్తే, నడిమి పేజీలు ఇంకా ప్లేటు ఎక్కలేదు, రేపు ఉదయం పదింటికల్లా పంపితే మారుస్తామన్నారు. సభ ముగియకుండానే శిష్యుణ్ణి పట్టుకుని స్టాఫ్ రూములో కూర్చున్నాను. మూట విప్పెయ్యి, సరిపోతుంది అన్నాను. వాడు విప్పి చూపించాడు. ముద్ద కిందికి దిగలేదు. "విడగొట్టినంత మాత్రాన ఎక్కడివి అక్కడికి పోవు సార్. ఏ పొరలోనుంచి వచ్చాయో వాటికి గుర్తుండదు. ఒక్కొక్కదాన్ని మనమే తీసుకుపోయి దించి రావాలి," అన్నాడు. షిఫ్టు పట్టుకుని పేజ్ డౌన్ మీట కొడుతూ ముద్దను పొర తరవాత పొర దింపుకుంటూ పోయాడు. పేర్లలోనుంచి బొమ్మలకు, బొమ్మలలోనుంచి రోడ్లకు. "పాత పల్లెలు" దాటి నేలలోకి దిగగానే ఏడు చుక్కలూ ఒక్కసారి పైకి తేలాయి. ప్రాణం లేచి వచ్చింది.

అయితే దీవి కుడికి జరిగింది గదా, చుక్కలు పాతచోటనే వున్నాయి. రెండు పల్లెలు నీళ్లలో పడ్డాయి. మొత్తం పొరను దీవితోపాటు అంతే దూరం జరిపితే సరిపోయేది. కాని అసలు నేను మొదట పెట్టినచోటు సరైనదని ఎవరు చెప్పారు? నోటుబుక్కు కాగితంమీద పేర్లే వున్నాయి, చోట్లు లేవు. నేను అందంగా వుండేటట్టు ఎడం ఎడంగా సర్దాను. ఆ మాట అప్పుడు గుర్తుకు వచ్చింది.

రాత్రి ఎనిమిదింటికి లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. ముసలావిడ మంచంమీద కూర్చుని వుంది. తెర చూపిస్తే కళ్లు చికిలించి, "ఏందో సామీ, నాకేం తెలీదు. అంతా గీతలు," అన్నది. శిష్యుడు ఏమనుకున్నాడో, పేర్ల పొర కన్ను మూశాడు. అక్షరాలన్నీ పోయాయి. బొమ్మలు మూశాడు. రాకెట్టూ చెట్లూ పోయాయి. రోడ్లు మూశాడు. నీళ్లూ, నేలా, ఏడు చుక్కలూ మిగిలాయి. ఆవిడ మొహం తెరదగ్గరికి తెచ్చింది.

"ఇది పులికాటు. ఇది సముద్రం," అన్నది. వేలు తెరమీద ఆనించి దక్షిణంనుంచి వుత్తరానికి మెల్లిగా ఈడ్చింది. "ఇట్టా నడిచి పొయ్యేవాళ్లం."

"మీ పల్లె ఎక్కడ అవ్వా?"

వేలు ఆగింది. మా చుక్కకు జానెడు దూరంలో, సముద్రం వైపు. శిష్యుడు చుక్కను పట్టుకుని బాణం మీట నొక్కాడు. చుక్కా పేరూ కలిసి కదిలాయి. "ఇంకా. ఇంకా అవతలికి. అంత కాదు అబ్బయా, ఇవతలికి రా. ఆఁ. ఆడనే." అటెండరు గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. ఏడూ అయ్యేసరికి గంట పట్టింది. నేను ఎడం ఎడంగా సర్దిన పల్లెలలో నాలుగు ఒకేచోట గుమిగూడాయి. పేర్లు ఒకదానిమీద వొకటి పడకుండా చిన్న అక్షరాలు చెయ్యవలసి వచ్చింది.

ఫైలు భద్రం చేసుకుని లేవబోతూ వుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నది.

"ఉండు సామీ. ఇంకొకటి ఉన్నింది. మా అమ్మోళ్ల పల్లె. ఆపొద్దు గుర్తు రాలే."

పేరు చెప్పింది. శిష్యుడు పక్క చుక్కను పట్టుకుని కంట్రోల్ డి కొట్టాడు. చుక్కా, పేరూ అచ్చంగా మరొకటి వచ్చాయి. పేరు చెరిపి, ఆవిడను ఇంకొకసారి మెల్లిగా చెప్పమని, నావంక తిరిగి, "సార్, ఇందులో ళ వుందా, ల వుందా?" అన్నాడు.

ఆవిణ్ణే అడగమన్నాను.